క్లాసిక్ కారు రిస్టోరేషన్‌లో ఏది ఒరిజినల్, ఏది కాదు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కారు కొనాలనుకునేవాళ్లు, కొని షెడ్డులో పెట్టినవాళ్లు, సగం విప్పాక తల పట్టుకున్నవాళ్లు పదే పదే అడిగే సందేహాలివి. మీ పని ఏ దశలో ఉంటే ఆ భాగం చదువుకుంటే చాలు. ఒరిజినల్ భాగాన్ని పీకేయడానికి పది నిమిషాలు పట్టదు, దాన్ని తిరిగి తేవడం మాత్రం ఎవరి వల్లా కాదు. అందుకే కింది జవాబులు చాలావరకు "తీసే ముందు ఒకసారి ఆగండి" అనే వైపే ఉంటాయి.

## కొనేముందు

ఒరిజినల్ అని ఒక్కొక్కరు ఒక్కోదాన్ని అంటున్నారు. అసలు దేన్ని అనాలి?

పాత కారులో ఏ భాగమైనా నాలుగు రకాల్లో ఒకటై ఉంటుంది. మొదటిది, ఫ్యాక్టరీలో ఆ కారుకే బిగించి పంపిన భాగం. రెండోది, అదే కంపెనీ అదే కాలంలో చేసినా, వేరే కారు నుంచో అప్పటి స్పేరు స్టాకు నుంచో వచ్చిన భాగం. మూడోది, కంపెనీయే తర్వాతి సంవత్సరాల్లో చేసిన స్పేరు. ఇది అమరుతుంది కానీ నంబరు, ముద్ర, ఒక్కోసారి ఆకారం కూడా తేడాగా ఉంటాయి. నాలుగోది, ఈ మధ్య ఎవరో చూసి చేసిన నమూనా. గట్టిగా చెప్పాలంటే మొదటిదే ఒరిజినల్. రెండోదాన్ని "ఆ కాలానికి సరైనది" అనొచ్చు. అమ్మేవాళ్లు నాలుగింటినీ ఒకే మాటతో చెప్పేస్తారు. కాబట్టి "ఒరిజినలేనా?" అని అడగకుండా "ఇది ఈ కారుతోనే వచ్చిందా? ఎలా తెలుసు?" అని అడగండి.

మ్యాచింగ్ నంబర్స్ అంటే ఏ నంబర్లు కలవాలి?

ఇంజిన్, గేర్‌బాక్స్, ఛాసిస్, కొన్ని కార్లలో బాడీ, వెనక యాక్సిల్ నంబర్లు ఫ్యాక్టరీ రికార్డుతో కలవాలి. అంతేకానీ ఒకదానితో ఒకటి అంకె అంకె కలవాలని లేదు. చాలా బ్రిటిష్, యూరప్ కార్లలో ఇంజిన్ నంబరు వరస వేరు, ఛాసిస్ నంబరు వరస వేరు. ఏ ఇంజిన్ ఏ ఛాసిస్‌లోకి వెళ్లిందో ఫ్యాక్టరీ రిజిస్టరులో మాత్రమే ఉంటుంది. అమెరికన్ కంపెనీ షెవ్రొలెలో 1968 నుంచి కారు నంబరులోని కొంత భాగాన్ని ఇంజిన్ మీద కూడా కొట్టారు కాబట్టి అక్కడ నేరుగా పోల్చొచ్చు. ఆ కంపెనీ వారంటీ కింద ఇచ్చిన బదులు ఇంజిన్ బ్లాకుల (సిలిండర్లుండే ప్రధాన పోత భాగం) మీద "సీఈ" అక్షరాలు ఉంటాయి. అలాంటి బ్లాకు కనిపిస్తే అది మోసం కాదు, కారు చరిత్రలో ఒక భాగం. కానీ దాన్ని మ్యాచింగ్ అని అమ్మకూడదు.

రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న ఇంజిన్ నంబరును ఫ్యాక్టరీ నంబరు అనుకోకండి. ఇంజిన్ మారినప్పుడు పత్రంలో కూడా మార్పించి ఉండొచ్చు.

ఇంజిన్ నంబరు అరగదీసి మళ్లీ కొట్టారేమోనని అనుమానం. ఎలా కనిపెట్టాలి?

ముందు ఆ జాగాను శుభ్రం చేయండి. వైరు బ్రష్షు, ఎమరీ పేపరు వద్దు. పెయింట్ రిమూవరు, నైలాన్ బ్రష్షు, మెత్తటి గుడ్డ చాలు. తర్వాత టార్చిలైటును పక్క నుంచి, దాదాపు ఉపరితలానికి ఆనించినట్టుగా వేసి భూతద్దంతో చూడండి. షెవ్రొలె లాంటి అమెరికన్ వి-8 (వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న ఇంజిన్) బ్లాకుల మీద నంబరు కొట్టే చదునైన జాగాలో, ఫ్యాక్టరీ కోత యంత్రం వదిలిన సన్నటి సమాంతర గీతలు ఉంటాయి. నంబరు ఆ గీతల మీద పడి ఉండాలి. గీతలు అసలు లేకపోయినా, వంకర టింకర గ్రైండరు గీతలున్నా, చుట్టూ ఉన్న లోహం కంటే ఆ జాగా పల్లంగా ఉన్నా అనుమానించాల్సిందే.

తర్వాత తేదీలు చూడండి. పోత పోసినప్పుడే బ్లాకు మీద తేదీ వస్తుంది. జనరల్ మోటార్స్ బ్లాకు మీద "సి 14 7" అని ఉబ్బెత్తుగా ఉంటే, ఏ అంటే జనవరి కాబట్టి సి అంటే మార్చి, 14వ తేదీ, 7తో ముగిసే సంవత్సరం. అది 1967నా 1977నా అన్నది పోత నంబరును బట్టి తేల్చుకోవాలి. వరస ఎప్పుడూ ఒకటే: ముందు బ్లాకు పోత, తర్వాత ఇంజిన్ కూర్పు, ఆ తర్వాత కారు తయారీ. 1967 ఫిబ్రవరిలో బయటికొచ్చిన కారులో మార్చిలో పోసిన బ్లాకు ఉండే వీల్లేదు, పైన కొట్టిన నంబరు ఎంత బాగా కలిసినా సరే. ఫోర్డ్ కోడ్‌లో సంవత్సరం ముందు వస్తుంది, నెలల అక్షరాల్లో "ఐ" ఉండదు. అది తెలియక సెప్టెంబరు నుంచి నెలలను తప్పుగా చదివేవాళ్లు చాలామంది.

ఫ్యాక్టరీ నుంచి కారు ఎలా వచ్చిందో చెప్పే రికార్డు దొరుకుతుందా?

చాలా కంపెనీలకు దొరుకుతుంది. ఆస్టిన్, మోరిస్, ఎంజీ, ట్రయంఫ్ లాంటి బ్రిటిష్ కార్లకు ఇంగ్లండ్‌లోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. జాగ్వార్‌కు వాళ్ల సొంత హెరిటేజ్ ట్రస్టు ఉంది. ఫోక్స్‌వాగన్‌కు వోల్ఫ్స్‌బర్గ్‌లోని మ్యూజియం ఫౌండేషన్ పుట్టుక పత్రం ఇస్తుంది. అమెరికన్ ఫోర్డ్‌లకు 1967 నుంచి వివరాలు మార్టీ రిపోర్టుగా వస్తాయి. కొన్ని అమెరికన్ కార్లలో తయారీ కాగితం కారులోనే మిగిలిపోతుంది. సీటు స్ప్రింగుల మధ్య, పెట్రోల్ ట్యాంకు పైన, కార్పెట్ కింద వెతకండి. సీటు విప్పేటప్పుడు నలిగిన కాగితం ఏది దొరికినా పారేయకండి.

ఇవన్నీ కారు ఆనాడు ఎలా బయటికొచ్చిందో చెబుతాయి. ఇప్పుడు మీ ముందున్న కారులో ఆ భాగాలు ఉన్నాయో లేవో చెప్పవు. సర్టిఫికెట్ చూపించి "అంతా ఒరిజినల్" అంటే దాన్ని పట్టుకుని కారు దగ్గరికెళ్లి ఒక్కో నంబరూ చూసుకోవాల్సిందే.

"ఎవరూ ముట్టుకోని కారు" అంటున్నారు. నిజమో కాదో త్వరగా తేల్చుకునే దారుందా?

స్క్రూల గాడులు చూడండి, అంచులు చెదిరి ఉంటే ఎవరో విప్పారు. తలుపు కీలు బోల్టుల మీద పెయింట్ అంచు దగ్గర పగిలిందేమో చూడండి. అద్దాలన్నింటి మీదా ఒకే కంపెనీ ముద్ర, ఒకే కాలపు గుర్తు ఉండాలి. ఒక్క అద్దం మాత్రమే వేరేగా ఉంటే ఆ వైపు దెబ్బ తగిలి ఉండొచ్చు. తలుపు రబ్బరు బీడింగ్ కొద్దిగా పైకి లేపి కింద రంగు చూడండి. ఈ నాలుగూ చూడటానికి పావుగంట చాలు.

## విప్పే ముందు

ఫొటోలు తీసి పెట్టుకుంటే సరిపోతుందా?

సరిపోదు, కానీ మొదలు పెట్టాల్సింది దానితోనే. ప్రతి భాగాన్నీ మూడు దూరాల నుంచి తీయండి: చుట్టుపక్కల ఏముందో తెలిసేలా ఒకటి, భాగం మొత్తంగా ఒకటి, నంబరు, ముద్ర, బోల్టు తల కనిపించేలా దగ్గరగా ఒకటి. దగ్గరి ఫొటోలో స్కేలు పెట్టండి.

ఫొటోలో పడనివి కాగితం మీద రాయాలి. వాషర్ల వరస, బోల్టుల పొడవు, సర్దుబాటు కోసం పెట్టిన పలుచటి షిమ్ రేకులు ఎన్ని, అవి ఏ తలుపువి, వైరింగ్ ఏ క్లిప్పు కింద నుంచి పోయింది, తలుపులకూ మడ్‌గార్డులకూ మధ్య సందులు ఎన్ని మిల్లీమీటర్లు. షిమ్‌లను కలిపేస్తే తర్వాత తలుపులు కుదరక వారాలు పోతాయి. ఒక్కో చోటి బోల్టులను ఒక్కో సంచిలో వేసి, సంచి మీద రాయడంతో పాటు లోపల కూడా చీటీ పెట్టండి. పై రాత నూనెకు చెరిగిపోతుంది.

మసి, గ్రీజు కింద సుద్ద గీతలు, రంగు చుక్కలు, క్రేయాన్ అంకెలు ఉంటాయి. బిగింపు చూశామని ఫ్యాక్టరీ పనివాళ్లు పెట్టిన గుర్తులవి. ప్రెషర్ వాష్ పెడితే ఒక్క నిమిషంలో పోతాయి. ముందు చేత్తో, కిరోసిన్‌తో కొద్దికొద్దిగా తుడవండి. గుర్తు కనబడగానే ఆగి ఫొటో తీసి, రంగూ కొలతా రాసుకోండి.

బోల్టులు, నట్లు కూడా ఒరిజినలే ఉండాలా? కొత్తవి తక్కువకే వస్తాయి కదా.

బానెట్ ఎత్తగానే తెలిసినవాళ్ల కన్ను మొదట పడేది వాటి మీదే. బోల్టు తల మీద తయారీదారు ముద్ర ఉంటుంది, గట్టిదనం గుర్తు ఉంటుంది. అమెరికన్ ప్రమాణంలో మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరుంటే గ్రేడ్ 8. మెట్రిక్‌లో 8.8, 10.9 అని అంకెలే ఉంటాయి. పాత బ్రిటిష్ కార్లలో మర కొలతలే వేరు, అందులోకి మెట్రిక్ బోల్టును బలవంతంగా తిప్పితే మర పాడవుతుంది.

పాతవాటిని బాగు చేయించుకోవడమే మేలు. గ్రీజు పోగొట్టి, తుప్పు తీసే ద్రావణంలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో తోమి, ముందు ఏ పూత ఉందో అదే వేయించండి. జింకా, నల్ల ఫాస్ఫేటా అన్నది బోల్టు తల కింద వాషరు కప్పిన చోట తెలుస్తుంది. గట్టి బ్లాస్టింగ్ (ఇసుక లాంటి గుళికలను గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేయడం) పెడితే తల మీది ముద్రలు అరిగిపోతాయి.

ఒక జాగ్రత్త. ఎక్కువ గట్టిదనం ఉన్న బోల్టులకు యాసిడ్ శుద్ధి, విద్యుత్ పూత చేసినప్పుడు హైడ్రోజన్ లోహంలోకి చేరి పెళుసు చేస్తుంది. పూత అయిన వెంటనే దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని గంటలు ఉంచితేనే అది బయటికి పోతుంది. కనెక్టింగ్ రాడ్, స్టీరింగ్, బ్రేకు బోల్టుల విషయంలో ఆ సాహసం వద్దు. అక్కడ సరైన గ్రేడు కొత్తవే వేయండి.

## బాడీ పని

తుప్పు తిన్న చోట కొత్త రేకు వేస్తే ఒరిజినాలిటీ పోయినట్టేనా?

ఆ మేరకు పోతుంది, అంతే. అందుకే ఎంత తక్కువ కోస్తే అంత మంచిది. మడ్‌గార్డు అంచున అరచేయంత తుప్పుంటే మడ్‌గార్డు మొత్తం మార్చడం టింకరింగ్ చేసేవాళ్లకు సులువు, కారుకు నష్టం. గట్టి రేకు తగిలే దాకా, దాని మీద ఇంకో రెండు సెంటీమీటర్లు కోసి, అదే మందం రేకును అంచుకు అంచు ఆనించి వెల్డ్ చేయించండి. ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే మధ్యలో తేమ నిలిచి తుప్పు మళ్లీ మొదలవుతుంది.

ఫ్యాక్టరీ స్పాట్ వెల్డు (రెండు రేకులను చుక్క చుక్కగా కరిగించి అతికేది) చిన్న గుండ్రటి పల్లంలా, ఐదారు మిల్లీమీటర్ల వెడల్పుతో ఉంటుంది. రంధ్రం చేసి మిగ్ వెల్డింగ్‌తో పూడిస్తే మచ్చ ఉబ్బుగా వచ్చి, అరగదీసినా చుట్టూ వలయం మిగులుతుంది. కోసే ముందే వెల్డుల మధ్య దూరం కొలిచి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోండి. కొత్తవీ అక్కడే, అన్నే పడాలి. వీలైతే స్పాట్ వెల్డింగ్ యంత్రంతోనే చేయించండి.

కొత్తగా చేసి అమ్మే నమూనా రేకులు పెట్టెలోంచి తీసి నేరుగా అమరుతాయని ఆశించకండి. వంపులు పలుచబడి ఉంటాయి, అంచులు కొద్దిగా అటూ ఇటూ ఉంటాయి. కారు బరువు చక్రాల మీద ఉండగా, తలుపులు బిగించి, క్లాంపులతో పెట్టి సందులన్నీ చూశాకే వెల్డింగ్. జాకీల మీద ఎత్తి వెల్డ్ చేస్తే కారు కిందికి దిగాక తలుపు పట్టేస్తుంది.

బాడీ, ఇంజిన్, ఛాసిస్ ఒక్కొక్కటిగా అన్నీ మారిపోయాయి. అది ఇంకా అదే కారా?

ఈ ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది. 1929, 1930 లె మాన్ రేసులు గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్, "ఓల్డ్ నంబర్ వన్", తర్వాతి రోజుల్లో చాలా మార్పులకు గురైంది. అది నిజమైన ఓల్డ్ నంబర్ వన్ కాదని కొనుగోలుదారు వాదించారు. 1990లో ఇంగ్లండ్ హైకోర్టు న్యాయమూర్తి ఒట్టన్, 1929 నాటి లోహం చాలావరకు లేకపోయినా, రేసు కారుగా దాని చరిత్ర ఎక్కడా తెగిపోకుండా కొనసాగిందని, కాబట్టి అది నిజమైన ఓల్డ్ నంబర్ వన్నేనని తీర్పు చెప్పారు.

దీన్నుంచి తీసుకోవాల్సిన విషయం స్పష్టం. భాగాలు ఒక్కొక్కటిగా, వాడకంలో, దాఖలాలతో మారితే కారు గుర్తింపు నిలుస్తుంది. నంబరు ప్లేటు ఒక్కటి పట్టుకుని దాని చుట్టూ కొత్త కారు కట్టుకుంటే నిలవదు. ఒక కారు గుర్తింపు ప్లేటు ఊడదీసి ఇంకో బాడీకి బిగించడం చాలా దేశాల్లో నేరం కూడా.

బ్లాస్టింగ్ చేయిస్తే పని త్వరగా అవుతుందంటున్నారు. చేయించొచ్చా?

మందపాటి ఛాసిస్‌కు, సస్పెన్షన్ భాగాలకు ఫర్వాలేదు. బానెట్, తలుపు, పైకప్పు లాంటి వెడల్పాటి పలుచటి రేకులకు ఇసుక వద్దు. దెబ్బలకు రేకు సాగి అలలు అలలుగా తయారవుతుంది, తర్వాత కిలోల కొద్దీ పుట్టీ పెట్టాల్సి వస్తుంది. అక్కడ రసాయన రిమూవరు లేదా మెత్తటి ప్లాస్టిక్ గుళికల బ్లాస్టింగ్ వాడాలి. యాసిడ్ తొట్టిలో ముంచితే మడతల మధ్య యాసిడ్ నిలిచి, పెయింట్ వేసిన ఏడాదికో రెండేళ్లకో బుడగలై బయటపడుతుంది. ఏం చేసినా ముందు ఛాసిస్ నంబరు కొట్టిన జాగాను మందపాటి రబ్బరుతో, టేపుతో కప్పండి.

## పెయింట్

ఉన్నది ఫ్యాక్టరీ పెయింటేనా అని ఎలా చూడాలి?

పెయింట్ మందం కొలిచే మీటరుతో ఒక్కో రేకు మీద కనీసం ఐదారు చోట్ల చూడండి. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. 200 దాటితే పైన ఇంకో పూత పడి ఉండొచ్చు. 500 దాటితే కింద పుట్టీ ఉన్నట్టే. పాత కార్లలో కీళ్ల దగ్గర సీసం పూసేవాళ్లు, అక్కడ మీటరు ఎక్కువ చూపిస్తే కంగారు పడకండి. అయస్కాంతంతో పనిచేసే మీటరు అల్యూమినియం రేకుల మీద పనికిరాదు.

మీటరు కంటే కన్ను ఎక్కువ చెబుతుంది. డ్యాష్‌బోర్డు వెనక, కార్పెట్ కింద, డిక్కీ మూలల్లో, బీడింగ్ కింద రంగు ఒకటేనా? గొట్టాల మీద, వైర్ల మీద రంగు తుంపర ఉందా? అద్దం రబ్బరు అంచున టేపు గీత ఉందా? పాత లాకర్ పెయింటేనా (థిన్నర్ ఆవిరైపోగానే గట్టిపడే రకం) అని చూడాలంటే కనబడని చోట దూదిపుల్లతో కొద్దిగా లాకర్ థిన్నర్ రుద్దండి. లాకర్ అయితే మెత్తబడి దూదికి రంగు అంటుతుంది. గట్టిపడే ద్రావణం కలిపి వేసే ఇప్పటి టూకే పెయింట్ చెక్కుచెదరదు.

పెయింట్ వెలిసి, అక్కడక్కడా పోయింది. అలాగే ఉంచాలా, మళ్లీ వేయించాలా?

సగానికి పైగా ఫ్యాక్టరీ పెయింట్ నిలిచి ఉంటే ఉంచండి. వెలిసిన ఒరిజినల్ పెయింట్‌కు మెరిసే కొత్త పెయింట్ ఎప్పటికీ సమానం కాదు. అది ఆ రోజు ఫ్యాక్టరీలో ఎలా వేశారో చెప్పే ఏకైక సాక్ష్యం.

ఉంచాలంటే చేయాల్సిన పని ఉంది. ఘాటు లేని షాంపూతో, తక్కువ నీళ్లతో కడగండి. పాలిష్ చేసే ముందు మందం కొలవండి, ప్రతి పాలిష్‌కూ కొన్ని మైక్రాన్లు పోతాయి, అంచుల మీద ముందే పలుచగా ఉంటుంది. అందుకే యంత్రం కంటే చెయ్యి మేలు. రేకు బయటపడ్డ చోట తుప్పు పొడిని మెత్తగా తీసి, మైక్రోక్రిస్టలైన్ మైనం పూయండి. ఎప్పుడు కావాలన్నా దాన్ని తీసేయొచ్చు. పైన క్లియర్ కోటు మాత్రం కొట్టించకండి, కింద తుప్పు ఆగదు, పై పొరను విడిగా తీయడమూ కుదరదు.

మళ్లీ వేయించక తప్పదు. ఏ రకం పెయింట్ సరైనది?

కారు ఏ కాలందో దాన్ని బట్టి. డ్యూపాంట్ కంపెనీ డ్యూకో నైట్రోసెల్యులోజ్ లాకర్ 1920ల మధ్యలో కార్ల తయారీలోకి వచ్చింది. అంతకు ముందు బ్రష్షుతో వేసి రోజుల తరబడి ఆరబెట్టే వార్నిష్ రంగులే ఎక్కువ. 1950ల చివర్లో జనరల్ మోటార్స్ యాక్రిలిక్ లాకర్‌కు మారింది. రంగు మీద క్లియర్ కోటు వేసే పద్ధతి విరివిగా వచ్చింది 1980లలో. కాబట్టి 1955 నాటి కారు మీద క్లియర్ కోటు వేస్తే ఆ మెరుపులో గాజు పెట్టినట్టుండే లోతు కనిపిస్తుంది, దూరం నుంచే తేడా తెలుస్తుంది.

లాకర్ దొరికితే, వేయడం తెలిసినవాళ్లుంటే అదే వేయండి. మందంగా వేస్తే కొన్నేళ్లలో సన్నటి పగుళ్లిస్తుందని గుర్తుంచుకోండి. లేదంటే క్లియర్ కోటు లేని ఒకే దశ టూకే పెయింట్ వేయించి, చేత్తో రుద్ది మెరుపు కాస్త తగ్గిస్తే చూపుకు దగ్గరగా వస్తుంది. రంగు కలపడానికి ఎండ తగలని చోటు, డ్యాష్‌బోర్డు వెనకో గ్లవ్ బాక్స్ లోపలో, నమూనాగా తీసుకోండి. కంపెనీ రంగు కోడ్ నుంచి మాత్రమే కలిపితే ఇప్పటి రంగు పదార్థాల వల్ల ఛాయ తేడా వస్తుంది.

ఎంత పూర్తిగా వేసినా ఒక్క చోట, డిక్కీ మూత లోపలివైపు జానెడు జాగా అయినా, పాత పెయింట్ అలాగే వదిలేయండి.

ఫ్యాక్టరీ కంటే నున్నగా, ఎక్కువ మెరుపుతో వేయిస్తే తప్పేమిటి?

అందానికి తప్పులేదు, ఒరిజినల్ అనడానికే వీల్లేదు. ఆ రోజుల్లో పెయింట్‌లో నారింజ తొక్కలాంటి గరుకు ఉండేది, బాడీ కింద తుంపర పడేది, కనబడని చోట్ల పూత పలుచగా ఉండేది. ఫ్యాక్టరీ స్థితిని ప్రమాణంగా పెట్టుకున్న పోటీల్లో అతి నునుపుకు మార్కులు తగ్గుతాయి.

కంపెనీ ఆ మోడల్‌కు ఇచ్చిన ఇంకో రంగు వేసుకోవచ్చా?

మోడల్‌కు సరైనదే, మీ కారుకు కాదు. వేసుకుంటే ప్లేటు మీది రంగు కోడ్‌ను మార్చకండి.

## ఇంజిన్, మెకానికల్

ఇంజిన్ బోరు కొట్టించి పిస్టన్లు మారిస్తే ఒరిజినల్ కాకుండా పోతుందా?

పోదు. పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వులు అరిగేవి, మార్చేవి. కంపెనీలే పెద్ద సైజు పిస్టన్లు అమ్మేవి, అంగుళంలో 0.020, 0.030, 0.040 చొప్పున. గుర్తింపు బ్లాకుది. బోరు హద్దు దాటితే బ్లాకు మార్చకుండా స్లీవులు (సిలిండరు లోపల తొడిగే గొట్టాలు) వేయించండి.

లేత్ వర్క్‌షాప్‌లో జరిగే అసలు నష్టం వేరే. హెడ్డు కూర్చునే పైభాగాన్ని చదును చేసేటప్పుడు, చాలా వి-8 బ్లాకుల్లో నంబరు కొట్టిన జాగా కూడా అదే మట్టంలో ఉంటుంది, కత్తి దాని మీదుగా పోతే నంబరు తుడిచిపెట్టుకుపోతుంది. బ్లాకు ఇచ్చేటప్పుడు నోటితో చెప్పి ఊరుకోకండి. ఆ జాగా చుట్టూ పెయింట్‌తో గీసి, "ఇక్కడ కోయకూడదు" అని పనిచీటీలో రాయించండి. ఇచ్చే ముందు నంబరు మీద పలుచటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి.

బ్లాకు పగిలింది. వేరే బ్లాకు వేయాల్సిందేనా?

పోత ఇనుము పగుళ్లను వేడి లేకుండా, పగులు పొడవునా ఒకదానిలో ఒకటి దిగే మరమేకులు వేసి కుట్టే పద్ధతి ఉంది. నీటి జాకెట్ పగుళ్లకు అది బాగా పనిచేస్తుంది. క్రాంకు బేరింగుల ఆధారం దగ్గర పగిలితే మాత్రం నమ్మకం తక్కువ. అప్పుడు వేరే బ్లాకు వేసి, ఒరిజినల్‌కు నూనె పూసి చుట్టి కారుతో పాటే ఉంచండి.

కార్బురేటర్, డైనమో, డిస్ట్రిబ్యూటర్ మీద కూడా నంబర్లు చూడాలా?

చూడాలి. మెకానిక్‌లు తెలియక ఎక్కువగా మార్చేసేవి ఇవే. లూకస్ సామాన్ల మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి, "10 63" అంటే 1963 అక్టోబరు. అది కారు తయారీకి కొద్ది నెలల ముందుదై ఉండాలి. కార్బురేటర్ నంబరు చాలాసార్లు స్క్రూ కింద బిగించిన చిన్న రేకు మీద ఉంటుంది, మూత విప్పగానే జారి పడిపోతుంది. ముందే తీసి సంచిలో వేయండి. రిపేరుకు ఇస్తే "నాదే తిరిగి కావాలి, బదులు వద్దు" అని రాసివ్వండి.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఆల్టర్నేటర్ పెట్టుకుంటే కారు పాడుచేసినట్టా?

కొత్త రంధ్రం చేయకుండా, వైరు కోయకుండా పెట్టి, తీసినవి దాచుకుంటే కాదు. ఒక్క పూటలో పాత స్థితికి తేగలిగితే అది మార్పే కానీ నష్టం కాదు. పాత బ్రిటిష్ కార్లు చాలావరకు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. ఆల్టర్నేటర్ పెట్టాలంటే సాధారణంగా నెగటివ్‌కు మార్చాలి, అప్పుడు రేడియో కాలిపోవచ్చు, కాయిల్ తీగలు తారుమారు చేయాలి. మార్చాక బ్యాటరీ దగ్గర కనబడేలా చీటీ అంటించండి. తర్వాత బ్యాటరీ బిగించేవాళ్లకు తెలియాలి.

బ్రేకులు, గొట్టాలు, టైర్లు కూడా ఒరిజినలే ఉంచాలా?

వద్దు. ప్రాణం మీదికొచ్చే చోట ఒరిజినాలిటీ మాట పక్కన పెట్టండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదకండి, తడిపి తుడవండి. లైనింగులు ఆస్బెస్టాస్ లేనివి వేయించి, లోహపు షూలు మాత్రం పాతవే వాడండి. పెట్రోల్ గొట్టాలు ఇథనాల్‌కు తట్టుకునేవి కావాలి, పాత రబ్బరు అందులో ఉబ్బి చీలుతుంది, వేడి ఇంజిన్ మీద కారితే మంటే.

టైరు మీద గాడి ఎంత ఉన్నా వయసు చూడండి. 2000 నుంచి టైరు పక్క గోడ మీది డాట్ కోడ్ చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పాత ఆకారంలో కొత్తగా చేసిన క్రాస్‌ప్లై టైర్లు (లోపలి దారపు పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే పాత రకం) దొరుకుతాయి. ముందు రేడియల్, వెనక క్రాస్‌ప్లై కలిపి ఎప్పుడూ వేయకండి, మలుపులో వెనక భాగం జారిపోతుంది. ఒరిజినల్ టైరు ఒకటి మిగిలి ఉంటే ప్రదర్శనకు దాచండి, రోడ్డెక్కించకండి.

వాడని పాత స్టాకు పార్టు దొరికింది. కళ్లు మూసుకుని కొనొచ్చా?

లోహపు భాగమైతే కొనొచ్చు, నంబరు సరిచూసుకుని. రబ్బరు, డయాఫ్రమ్, నూనె సీళ్లు, టైర్లు పెట్టెలో ఉన్నా ముసలివైపోతాయి. ఆ పాత సీలును నమూనాగా ఉంచుకుని కొత్త రబ్బరుతో చేయించండి. పెట్టె పాతది, లోపల సరుకు కొత్తది అనే మోసం కూడా ఉంది. పార్టు మీది ముద్రనే నమ్మండి, పెట్టెను కాదు.

బంపర్లకు క్రోమ్ ఎప్పుడు వేయించాలి?

పొర లేచి, కింద తుప్పు నడుస్తుంటే. సన్నటి చుక్కలే ఉంటే శుభ్రం చేసి మైనం పెట్టి వదిలేయండి. ప్లేటింగ్ వాళ్లు ముందు గట్టిగా పాలిష్ చేస్తారు, అక్కడే అక్షరాలు, పదునైన అంచులు అరిగిపోతాయి. వాటిని చూపించి ముందే హెచ్చరించండి. 1920ల చివరి దాకా కార్ల మీద ఉన్నది నికెల్. అంతకు ముందు కారుకు నీలి మెరుపు క్రోమ్ వేస్తే తప్పు.

## ఇంటీరియర్

సీట్ల తోలు చిట్లింది. కొత్త కవర్లు కుట్టిస్తే తప్పా?

ముందు తోలు బతికుందేమో చూడండి. మెల్లగా వంచితే వంగుతుంటే బతికున్నట్టే. పొడిగా రాలుతుంటే ఆశ లేదు. బతికున్న తోలును గోరువెచ్చటి తడి గుడ్డతో తుడిచి, చిట్లిన చోట వెనక నుంచి పలుచటి గుడ్డ అతికించి, తోలు కండిషనర్ కొద్దికొద్దిగా పట్టించాలి. విడిపోయిన కుట్లను పాత రంధ్రాల్లోంచే మళ్లీ కుట్టించండి, కొత్త రంధ్రాలు వేస్తే ఆ గీత వెంబడి చిరుగుతుంది.

కుట్టించక తప్పకపోతే పాత కవరును కుట్లు విప్పి, ముక్కలుగానే కొలతకు వాడాలి. అంగుళానికి ఎన్ని కుట్లు, దారం మందం, మడతల వెడల్పు రాసుకోండి. లోపలి గుర్రపు వెంట్రుకల మెత్తను తీసి స్పాంజి పెడితే సీటు ఆకారమే మారిపోతుంది. విప్పిన ముక్కలను పారేయకండి.

మీటరు పనిచేయట్లేదు. వేరేది వేస్తే రీడింగ్ సంగతేంటి?

పాత మీటరునే బాగు చేయించండి. వేరేది వేస్తే మార్చిన తేదీ, రెండు మీటర్ల అంకెలూ రాసి కారు ఫైలులో పెట్టండి. అంకెలు వెనక్కి తిప్పించకండి.

## గుర్తింపు, పోటీలు, అమ్మకం

ఫైవా అంటే ఏమిటి? వాళ్ల లెక్కలో ఏది చారిత్రక వాహనం?

పాత వాహనాల క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య, 1966లో ఏర్పడింది. వాళ్ల లెక్క ప్రకారం వాహనానికి కనీసం 30 ఏళ్లుండాలి, చారిత్రకంగా సరైన స్థితిలో కాపాడుతూ ఉండాలి, రోజువారీ ప్రయాణానికి వాడకూడదు. వాళ్ల టూరిన్ చార్టర్ ఉన్నదాన్ని కాపాడటానికే మొదటి స్థానం ఇస్తుంది, మార్చడం ఆ తర్వాతే. ఏ క్లబ్బులో లేనివాళ్లు కూడా దాన్ని ఒకసారి చదవాలి.

పోటీకి పెట్టాలంటే కారును ఎలా తయారు చేయాలి?

ముందు పోటీ ఏదో తేల్చుకోండి, ఎందుకంటే ఒకచోట గెలిపించేదే ఇంకోచోట ఓడిస్తుంది. సంరక్షణ విభాగంలో పాత పెయింట్, పాత తోలు చూస్తారు. కొర్వెట్ రిస్టోరర్ల సంఘం లాంటి చోట్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో దానితో పోలుస్తారు, తేదీ కోడ్‌లు కూడా లెక్కలోకి వస్తాయి. అందాల పోటీల్లో పనితనం చూస్తారు. రూల్స్ పుస్తకం తెప్పించుకున్నాకే మొదటి బోల్టు విప్పండి.

నమూనా పార్టు వేశాను. బయటికి చెప్పాలా?

చెప్పాలి, పార్టు మీద కూడా చెప్పించాలి. కనబడని వైపు సంవత్సరం సన్నగా చెక్కండి. ఇప్పుడు మీకు తెలుసు కాబట్టి ఫర్వాలేదనిపిస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పార్టును ఇంకొకరు ఒరిజినల్ అనుకుని, దాన్ని చూసి మరికొన్ని చేయిస్తారు.

అమ్మేటప్పుడు ప్రకటనలో "ఒరిజినల్" అని రాయొచ్చా?

ఆ ఒక్క మాట రాసి ఊరుకోకండి. భాగం భాగంగా రాయండి: "ఇంజిన్, గేర్‌బాక్స్ ఫ్యాక్టరీ రికార్డుతో కలుస్తాయి. ఎడమ మడ్‌గార్డు కింది భాగం కొత్త రేకు. పెయింట్ ఒకసారి వేశాం, డిక్కీ లోపల పాతది ఉంది. ముందు సీటు తోలు పాతది, వెనకది కొత్తది. బ్రేకు గొట్టాలు, టైర్లు కొత్తవి." తెలిసి కొనేవాళ్లు ఇలాంటి ప్రకటననే నమ్ముతారు.

కారుతో పాటు విప్పిన భాగాల పెట్టె, ఫొటోలు, పెన్సిల్ అచ్చులు, బిల్లులు, సర్టిఫికెట్ అన్నీ అప్పగించండి. పెట్టెలో ఏముందో జాబితా రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద కొన్నవాళ్ల సంతకం తీసుకుని మీ దగ్గర ఉంచుకోండి.